‘వస్తా’ అని దిగిపోయినామె

మొన్న ధర్మవరం స్టేషను బయట షేర్ ఆటో ఎక్కాను. ఎక్కిన కాసేపటికే ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా వాళ్ళు "నీకెందుకు, నీ బీపీ చూసుకో" అన్నారు. వాళ్ళు వినరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నా తర్వాత ఆ ఆటోలోకి చూపు లేని కుర్రాడొకడు ఎక్కాడు. ఎక్కాడనడం తప్పు, ఎక్కించారు. ఎవరో పెద్దమనిషి, పుణ్యం వస్తుందనుకున్నాడేమో, ఆ పిల్లాడి చేతికర్ర లాక్కుని, జబ్బ పట్టుకుని, సంతలో గొర్రెను వ్యానులోకి తోసినట్టు తోశాడు. పైనున్న కమ్మీ ఠంగున తలకు తగిలింది. "చూసుకోవాల గదప్పా" అన్నాడు పెద్దమనిషి. చూసుకోవాలట!

డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను అడిగాడు. "మేడం, ఈయప్ప యాడ దిగుతాడంట?"

నాకేం తెలుసు? ఆ పిల్లాడు నాకు చుట్టమా పక్కమా? "ఆయప్పనే అడుగు, నోరుండాది కదా" అన్నాను. అప్పుడు డ్రైవరు ఆ కుర్రాడి వైపు తిరిగి, వీధి చివరి దాకా వినపడేట్టు "యాడికి బాబూ?" అని అరిచాడు.

"బస్టాండుకన్నా. చెవులు బాగానే పనిచేస్తాయి" అన్నాడు కుర్రాడు మెల్లగా.

ఆటో ఆగినప్పుడల్లా "ఇది యాడన్నా?" అని అడుగుతున్నాడు పాపం. అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ చెవుల్లో ఏవో దూర్చుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్కరూ నోరు తెరవరు. చివరికి ప్రైవేటు బస్సు క్లీనరు లాగా ప్రతి స్టాపు పేరూ నేనే అరుచుకుంటూ వచ్చాను. దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. పక్కన ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో ఆ పిల్లాడికి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

"దిగేటప్పుడు ఒక మాట చెప్పి దిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అని అడిగేశాను. "పెద్దామెకు కోపం ఎక్కువున్నట్టుండాది" అని ఎవరో గొణిగారు. ఎక్కువే. ఆ కోపం నాకు మా అత్త దగ్గర నుంచి వచ్చింది.

అత్తంటే మా నాయనకు అక్క. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉండేది. మాది ధర్మవరంలో అందరి ఇళ్ళలాంటిదే, మగ్గం ఇల్లు. తలుపు తీయగానే పట్టు ఉడకబెట్టిన సబ్బు నీళ్ళ వాసన, దాని వెనకే తిరగమాత వాసన. ముందు గదిలో గుంత మగ్గం, పొద్దున లేచింది మొదలు ఆ గుంతలో నాయన కాళ్ళు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతకాలి. మా ఇంట్లో ఆ పని అత్తది. వేళ్ళకు బూడిద అద్దుకుని, పోగులు మెలిపెడుతూ, ఊళ్ళో వాళ్ళందరినీ వరసపెట్టి తిడుతూ కూర్చునేది. ఆ తిట్లు వినడానికే పిల్లలం పక్కన చేరేవాళ్ళం.

అత్త పక్కన ఎప్పుడూ బొరుగుల చేట ఉండేది. వేయించిన చెనక్కాయ గింజలు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి కలిపిన బొరుగులు. ఆమెకు తెలియకుండా గుప్పెడు కొట్టేయాలని నా ఆశ. పిల్లి లాగా వెళ్ళేదాన్ని. చెయ్యి చేటలో పడీ పడకముందే "ఊపిరి బిగబట్టుకోని సచ్చిపోతావు మే, అడిగి తిను" అనేది. అడిగి తింటే ఏం రుచి?

"కండ్లుండేటోళ్ళతో ఏగలేక సస్తాండా" అన్నది అత్త రోజూ అనే మాట. అది ఎంత నిజమో ఆమెతో బస్సెక్కితే తెలిసేది. అప్పటి బస్సుల్లో డీజిలు, బజ్జీల నూనె, వక్కాకు, తడిసిన గొంగళ్ళు, అన్నీ కలిసి ఒకటే కంపు. అందులోకి అత్త అడుగు పెట్టగానే జనానికి ఎక్కడ లేని జాలి పుట్టుకొచ్చేది. ఒకరు ఈ చెయ్యి పట్టుకుని లాగితే ఇంకొకరు ఆ చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళు. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో తెలియకుండా ఒడిలో అరటిపండు వచ్చి పడేది. "నేనేమన్నా కోతినా?" అని పండు నా చేతిలో పెట్టి, ఇచ్చిన వాళ్ళను తిట్టేది. నేను తొక్క తీసి తింటూ, ఇచ్చిన వాళ్ళు చల్లగా ఉండాలని మొక్కుకునేదాన్ని.

ఇంకో రకం వాళ్ళు నన్ను అడిగేవాళ్ళు. "ఏం పాపా, మీ అత్తకు పుట్టుకతోనేనా?"

"దాన్నేంటికి అడుగుతారు? అది పుట్టకముందు సంగతి. నన్నడగండి" అనేది అత్త. అడిగిన వాళ్ళు అదిరిపడి, కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు.

ఆమె కోరింది ఏమంత పెద్దది? "నా చెయ్యి పట్టుకోని ఈడ్వద్దు, నీ భుజమియ్యి. సీటు కమ్మీ మీద నా చెయ్యి పెట్టు, మిగతాది నేను చూసుకుంటా. ఉంటే ఉండానని చెప్పు, పోతే పోతాండానని చెప్పు." అర్థం కానిదేముంది ఇందులో? కానీ ఆ చివరి మాట దగ్గరే తంటా వచ్చిపడేది. మనలో "పోతా" అని ఎవరంటారు? గడప దాటేటప్పుడు "వస్తా" అనాలి, "పోయొస్తా" అనాలి. ఉత్త "పోతా" అంటే మళ్ళీ రానని అర్థం, అశుభం. ఆ మాట పిల్లల నోట వస్తే మా అవ్వ మూతి మీద ఒకటిచ్చేది. అవ్వ నాయనకూ అత్తకూ తల్లి, మా ఇంటికి జడ్జి. ఆమె తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు.

చలికాలం మొదలవుతుండగా హిందూపురం నుంచి కబురొచ్చింది. అక్కడ కాపురం ఉన్న మా చిన్నత్తకు, అంటే అత్త చెల్లెలికి, రెండో కాన్పయింది, ఆడపిల్ల. "బిడ్డను చూసొస్తా" అని అత్త పట్టుబట్టింది. ఆమె ఎప్పుడూ "చూడాలి" అనే అనేది. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, నాయనకు మగ్గం దిగే వీల్లేదు, అమ్మకు ఇంటి చాకిరీ. "ఎవురూ రాబల్లేదు. నేనొక్కదాన్నే పోతా" అంది అత్త.

అవ్వ మోకాలు రుద్దుకుంటూ నా వైపు చూసింది. తర్వాత అంది, "పాపను తోడు తీస్కపో. ఒగ మాట చెప్తాండా, బాగా ఇను. దోవలో ఏమన్నా అయి నలుగుర్లో నగుబాటయిందంటే, ఇంక నువ్వు ఈ గడప దాటేది లేదు. సచ్చేదాకా ఇంట్లోనే."

"సరే. అయితే అది నాకు తోడు కాదు. దానికి నేను తోడు" అంది అత్త.

శొంఠి, బెల్లం, నెయ్యి వేసి అవ్వ బాలింత కాయం చేసి డబ్బాలో పెట్టిచ్చింది. ఎక్కిన కాసేపటికే బస్సంతా ఆ ఘాటు కమ్ముకుంది. అత్త కిటికీ పక్కన, నేను మధ్యలో, అంచున ఒక బొద్దుపాటి ఆమె. వక్కాకు నములుతూ, ఎక్కింది మొదలు ఆమె తన కోడలి కథ ఎత్తుకుంది. చెన్నేకొత్తపల్లి చేరేసరికి కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళిపోయింది. అత్తకు ఇలాంటి కథలంటే ప్రాణం. "ఆ, తర్వాత?" అంటూ ఊ కొడుతోంది. నాకు విసుగు పుట్టి, ముందుకు పోయి డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చున్నాను. కింద వెచ్చగా ఉంటే అక్కడే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి బస్సు పెనుకొండ బస్టాండులో ఉంది. వెనక పెద్ద గొడవ. గొడవ మధ్యలో మా అత్త గొంతు.

జరిగింది ఇది. పెనుకొండలో టీకి ఆపారు. కొందరు దిగారు. పక్కనామె కూడా లేచి "వస్తాక్కా, మిగతాది చెప్తాలే" అని దిగింది. టీ తాగిన వాళ్ళంతా ఎక్కారు. కొత్త వాళ్ళూ ఎక్కారు. అత్త ఆ సీటు మీద చెయ్యి చాపి ఎవరినీ కూర్చోనివ్వదు. కండక్టరు విజిలేస్తే "ఆపప్పా, మనిషి రావల్ల" అని కేకేసింది.

"ఎవురమ్మా రావల్సింది?"

"నా పక్కనామె. వస్తానని చెప్పి దిగింది. కోడలి కథ సగంలో ఉండాది, రాకుండా యాడికి పోతాది?"

"మనిషి ఎట్లుంటాదమ్మా?"

"నన్నడిగితే? గొంతు బొంగురు. చేతినిండా గాజులు. వక్కాకు నములుతాంటాది."

కండక్టరు మంచివాడే పాపం. కిందికి దిగి టీ అంగడి ముందు నిలబడి "వక్కాకు నమిలే బొంగురు గొంతామె ఎవురమ్మా? బస్సు పోతాండాది!" అని అరిచాడు. పెనుకొండ బస్టాండులో సగం మంది ఆడవాళ్ళు వక్కాకు నములుతున్నారు. బొంగురు గొంతని ఎవరు ఒప్పుకుంటారు? ఒక్కరూ పలకలేదు. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. నిలబడ్డ వాళ్ళు అత్త చేతిని తోసేసి కూర్చోవాలని చూస్తున్నారు, అత్త వాళ్ళ చేతులను తోసేస్తోంది. అప్పటికి టీ అంగడి ఆయనకు జ్ఞాపకమొచ్చింది.

"కోడలి కథ చెప్పే ఆయమ్మనా? ఈ ఊరామేనప్పా. సంచి నెత్తిన పెట్టుకోని ఎప్పుడో ఇంటికి పాయ."

బస్సంతా గొల్లుమంది. మా వీధిలో అంగడి పెట్టుకున్న సేటు ఒకాయన చింతపండు కొనడానికి హిందూపురం పోతూ వెనక సీట్లో ఉన్నాడు. ఆయన లేచి "ఏమమ్మా, వస్తా అంటే పోతాండానని గదా? పసిబిడ్డకు కూడా తెలుసు" అన్నాడు. ఇంకెవరో "ఇట్లాంటోళ్ళను ఒంటిగా పంపించేటోళ్ళను అనల్ల" అన్నారు. వాళ్ళ గొంతులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి, ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అత్త ముఖం కందగడ్డలా అయింది. కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. "తెలుసు సామీ, నాకూ తెలుసు. టీ తాగేదానికి దిగినోళ్ళూ వస్తా అనిరి, ఇల్లు చేరేదానికి దిగినామె కూడా వస్తా అనె. సంచి ఎత్తుకున్నారా లేదా అని చూసి మీరు తెలుసుకుంటారు. నేనేం జూసి తెలుసుకోవల్ల?"

నవ్వులు ఆగిపోయాయి. కండక్టరు దగ్గరికొచ్చి "ఇప్పుడు ఏం చేయమంటావమ్మా?" అన్నాడు.

"ఏం జేయబల్లేదు. దిగేటోళ్ళు చెప్పి దిగండి. పోతాండా అనేదానికి నోరు రాకుంటే దిగుతాండా అనండి. దిగితే ఎవురూ సచ్చిపోరు."

సోమందేపల్లిలో ఒకాయన "అక్కా, దిగుతాండా!" అని టాపు ఎగిరిపోయేట్టు అరిచి దిగాడు. అందరూ నవ్వారు. తర్వాత దిగిన ప్రతివాడూ అదే అరుపు. నాకు ఏడుపొచ్చి "అత్తా, వెటకారం చేస్తాండారు" అన్నాను. "చేసుకోనీ మే. చెప్పే దిగుతాండారు గదా" అంది. హిందూపురం మార్కెట్టు దగ్గర చింతపండు, ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలేదాకా ఆమె ఆ అరుపులే వింటూ కూర్చుంది.

చిన్నత్త ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగానే గడిచింది. అత్త ఆ బిడ్డను దించేది కాదు. చెవులు తడిమి "మా నాయన చెవులే" అని మురిసిపోయేది. నేను కన్నడం మాట్లాడే పక్కింటి పిల్లలతో ఆడుకుని, బెల్లం తిని, కడుపునొప్పి తెచ్చుకున్నాను. బిడ్డను వదిలి తిరుగు బస్సెక్కేటప్పుడు అత్త "నెలకొగసారన్నా రావల్ల" అని తనలో తాను అనుకోవడం విన్నాను.

సేటు మా కంటే ముందే ఇల్లు చేరాడు కదా! వీధంతా తెలిసిపోయింది. మేం గడపలో కాలు పెట్టామో లేదో, అవ్వ అందుకుంది. "బస్సు నిలబెట్టి ఊరంతా నవ్వించుకోని వస్తివా? నేను చెప్పిన మాట జ్ఞాపకముండాది గదా?"

అంతే. అత్త ప్రయాణాలు ఆగిపోయాయి. నాయన మగ్గంలోంచి తలెత్తి "పోనీలేమ్మా" అన్నాడు, అవ్వ ఒక్క చూపు చూస్తే మళ్ళీ తల దించుకున్నాడు. తప్పెవరిది? చెప్పకుండా దిగిపోయినామె ఇంట్లో హాయిగా కోడలిని తిట్టుకుంటూ ఉంది, శిక్ష మా అత్తకు. అత్త పోగులు అతుకుతూ కూర్చునేది, కానీ ఎవరినీ తిట్టేది కాదు. బొరుగులు తీసినా ఏమీ అనేది కాదు. మాకు ఇంట్లో ఏమీ తోచేది కాదు.

ఒక సాయంత్రం అవ్వ నడవలో చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా అత్త. నేను గోడకానుకుని బొరుగులు తింటున్నాను. లోపల నాయన మగ్గం టకటకా కొట్టుకుంటోంది.

"అమ్మా, ఒగ మాట చెప్తా. కోపం చేసుకోవద్దు" అంది అత్త.

అవ్వ "ఊ" అంది. అత్త తల దించుకుని మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పాలు మాడిన వాసన వచ్చింది. అవ్వ చేట కింద పెట్టి గబగబా వంటింట్లోకి పోయింది. మగ్గం చప్పుడులో ఆమె అడుగులు వినపడలేదు.

"బస్సంతా నవ్విరి, నిజమే. నాకు సిగ్గు కాలేదనుకున్నావా? ఆడే భూమిలోకి పోతే బాగుండు అనిపించె. అయినా మళ్ళా పోవల్లనే ఉండాదమ్మా. ఈ ఇంట్లో నాకన్నీ తెలుసు. గోడ తెలుసు, గడప తెలుసు, బాయి కాడ బండ తెలుసు. తెలియనిది ఏదన్నా రొంత నా చేతికి తగలొద్దా?" కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా అత్త ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. "నువ్వుండేంత వరకే గదా నన్ను పట్టించుకునేది. నువ్వు పోయినాక తమ్మునికి వాని సంసారం ఉండాది, నన్ను యాడికని తీస్కపోతాడు? ఒక్కదాన్నే పోయేది ఇప్పుడు నేర్చుకోకుంటే ఇంకెప్పుడు నేర్చుకోవల్ల? ఒక్క తూరి పంపీమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఏడుస్తూ ముందుకు వంగి, అవ్వ కాళ్ళ కోసం రెండు చేతులూ చాపింది. చేతులు చేటకు తగిలాయి. చేట బోర్లపడి బియ్యం నడవంతా చిందాయి. అత్త చాప మీద అటూ ఇటూ తడిమింది. నా నోటి నిండా బొరుగులు, మింగలేను, మాట్లాడలేను.

అవ్వ వంటింటి గడపలో నిలబడి ఉంది, చేతిలో మసిగుడ్డతో.

"ఎంతసేపయింది మే నేను లోపలికి పోయి?" అని నన్ను అడిగింది.

"అత్త చెప్పడం మొదలుపెట్టినప్పుడే పోయినావు" అన్నాను.

"పాలు పొంగినాయే..." అంది అవ్వ అత్తతో.

"చెప్పి పోవల్ల గదమ్మా" అంది అత్త. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

అవ్వ వచ్చి చతికిలబడి, నేల మీది బియ్యం చేటలోకి ఎత్తడం మొదలుపెట్టింది. అత్త కూడా ఎత్తింది. సగం ఎత్తాక అవ్వ "ఏమంటివో మళ్ళా చెప్పు" అంది. "పో, నేను చెప్పను" అంది అత్త ముక్కు చీదుకుంటూ. మాడిన పాల వాసన పొద్దుపోయేదాకా ఇల్లు వదల్లేదు.

మర్నాడు అవ్వ ఎవరితోనో అన్నట్టు "మంగళవారం మంచిది కాదు, బుధవారం పో" అంది. తోడు మాట ఎత్తలేదు. ఈసారి నన్ను తీసుకుపోరని అర్థమై నేను ఒకటే ఏడుపు. నా ఏడుపు ఎవరికి కావాలి?

తర్వాతి కాలంలో అత్త ఒంటరిగా తిరగని చోటు లేదు. హిందూపురం సరే సరి, పెళ్ళిళ్ళకని తాడిమర్రి, అమడగూరు కూడా పోయేది. ఎక్కిన ప్రతి బస్సులోనూ ఎవరితోనో ఒకరితో పోట్లాడి వచ్చి, ఆ పోట్లాట మాకు రెండు రోజులు చెప్పేది. కండక్టర్లు ఆమెను చూస్తే భయపడేవాళ్ళు. అంత చేసినా లోకానికి ఒక్క ముక్క తలకెక్కలేదని మొన్న ఆటోలో చూశాను కదా. పోనీ అనుకుంటే పోయేది కాదు, ఆ బుధవారం కళ్ళముందుకొస్తుంది.

మోకాళ్ళ నొప్పులతోనే అవ్వ బస్టాండు దాకా వచ్చింది. అత్త అవ్వ భుజం పట్టుకుని నడిచింది. కండక్టరును పిలిచి అవ్వ చెప్పిన పాఠం ఇంతా అంతా కాదు. "ఈడ్వద్దప్పా, కమ్మీ మీద చెయ్యి పెడితే చాలు. పక్కన కూర్చున్నోళ్ళను చెప్పి దిగమను. ఏమన్నా అడగల్లంటే దాన్నే అడుగు." అత్త కిటికీ పక్కన కూర్చుంది. మేం కింద నిలబడ్డాం.

"అమ్మా, ఉండావా?"

"ఉండా."

బస్సు కదిలింది. అవ్వ కిటికీ చువ్వ పట్టుకుని కుంటుకుంటూ పక్కనే నడిచింది.

"ఉండావా?"

"ఉండానే... ఇంక నా చేత కాదు, ఈడ నిల్చిపోతాండా!" అని చువ్వ వదిలేసింది.

బస్సు ముందుకు సాగింది. కిటికీలోంచి అత్త తల బయటికి వచ్చింది. మేం ఉన్న వైపుకు సరిగ్గా తిరిగి "అమ్మా, పోతాండా!" అని అరిచింది.

బస్టాండులో ఆడవాళ్ళు నోళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. నేను భయంగా అవ్వ వైపు చూశాను. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంజను మోతను మించి వినపడేట్టు "పో మే, పో!" అంది.